వెడల్పయ్యే వీధిలో మన లెక్క ఎంత?

రోడ్డు వెడల్పు, వంక (వాగు) గట్టున ఇండ్ల తొలగింపు, ఊరి బయట ఫ్లాట్లకు తరలింపు. ఈసారి కర్నూలు, కడప, అనంతపురం పాఠకుల ఉత్తరాల్లో ఎక్కువ భాగం వీటి గురించే. రాసినవాళ్లలో ముస్లింలు, దూదేకులవారు, సుగాలీలు, ఎరుకలవారు, నక్కలవారు ఉన్నారు. పట్టణ ప్రణాళిక, భూసేకరణ, బస్తీ సంఘాల పని తెలిసినవాళ్లు జవాబులు ఇచ్చారు. పేర్లూ వీధుల పేర్లూ తీసేశాం.

ప్రశ్న: మా నాయన కాలం నుంచి పాతబస్తీలో ఒకే అంగట్లో పరుపులు, దిండ్లు కుట్టి అమ్ముకుంటున్నాం. అంగడి బాడుగది. రోడ్డు వెడల్పు అని గోడ మీద ఎర్ర రంగుతో కొలత రాసిపోయినారు. ఓనరుకు టీడీఆర్ బాండు (పోయిన జాగాకు బదులుగా వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు పత్రం) ఇస్తారంట. వీధిలో నలభై అంగళ్లుంటే ముప్పై మంది మా మాదిరి బాడుగవాళ్లే, అందరం ముస్లింలం, దూదేకులం. మాకేమీ రాదా? (కర్నూలు)

గోడ మీద గీత ఒకటే అయినా దాని వెనక మూడు దారులున్నాయి. మీకు ఏమొస్తుందనేది మీ వీధికి ఏ దారి పట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది.

మొదటిది 2013 భూసేకరణ చట్టం. ఇందులో 11వ సెక్షన్ కింద ప్రాథమిక నోటిఫికేషన్ ఇవ్వాలి, పత్రికల్లో వేయాలి, మున్సిపల్ ఆఫీసులో స్థానిక భాషలో అంటించాలి. దాని మీద 60 రోజుల్లోగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఈ చట్టం ‘ప్రభావిత కుటుంబం’ కింద ఓనరును మాత్రమే లెక్కపెట్టదు. పట్టణంలో ఆ స్థలంలో మూడేళ్లకు తగ్గకుండా కాపురమున్నవాళ్లు, మూడేళ్లుగా ఆ స్థలం మీదే బతుకుతెరువు ఉన్నవాళ్లు కూడా ఆ మాట కిందికి వస్తారు. చేతివృత్తివారికి, చిన్న వ్యాపారికి ఒకేసారి ఇచ్చే సాయం 25,000 రూపాయలకు తగ్గకూడదని రెండో షెడ్యూలులో ఉంది. ఇల్లు పోయి ఊరు మారాల్సినవాళ్లకు ఏడాదిపాటు నెలకు 3,000, సామాను తరలింపుకు 50,000, పునరావాస భత్యంగా ఇంకో 50,000 ఉన్నాయి.

రెండోది ఒప్పందం. ఓనరు ముందు భాగం వదులుకుంటాడు, కార్పొరేషన్ టీడీఆర్ బాండు ఇస్తుంది. నోటిఫికేషన్ లేదు, విచారణ లేదు, ఖజానాలోంచి నగదు కదలదు. అందుకే ఆఫీసులకు ఈ దారి నచ్చుతుంది. ఇది ఇద్దరి మధ్య వ్యవహారం కాబట్టి బాడుగదారు పేరు ఏ కాగితం మీదా ఉండదు. మూడోది ఆక్రమణ తొలగింపు. రోడ్డు మార్జిన్‌లోకి వచ్చిన మెట్లు, రేకులు దీని కింద పోతాయి, పరిహారం ఉండదు.

ముందు ఏ దారో తేల్చుకోండి. సమాచార హక్కు కింద కార్పొరేషన్‌కు పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. మాస్టర్ ప్లాన్‌లో ఈ రోడ్డు ఎన్ని అడుగులు, భూమి ఏ పద్ధతిలో తీసుకుంటున్నారు, బాడుగదారుల సర్వే జరిగి ఉంటే దాని నకలు. ఈ మూడే అడగండి. ‘మాకు అన్యాయం ఎందుకు చేస్తున్నారు’ అని రాస్తే అది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. జవాబుకు గడువు 30 రోజులు.

బాండు దారి అని తేలితే, ఓనర్లు సంతకం పెట్టకముందే కూర్చోవాలి. బాండు చేతిలో పడ్డాక మీ మాట వినాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. ముప్పై మంది కలిసి ఒక్కో ఓనరుతో రాతపూర్వకంగా తేల్చుకోవాల్సినవి ఇవి: కోత తర్వాత మిగిలిన భాగంలో పాత బాడుగదారుకే మొదటి హక్కు, తిరిగి కట్టే నెలల్లో బాడుగ లేదు, అడ్వాన్సు వాపసు ఎప్పుడు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి ఇద్దరు సాక్షులు సంతకం చేస్తే అది అన్నింటికీ మందు కాకపోయినా, రేపు కోర్టులో చూపడానికి ఏదో ఒకటి ఉంటుంది. కార్పొరేషన్‌ను అడగాల్సినవి వేరు: పని ఒక పక్క ముగిశాకే రెండో పక్క మొదలుపెట్టడం, రంజాన్‌కు ముందు రెండు నెలలు కూల్చివేత ఆపడం, కార్పొరేషన్ కట్టే అంగళ్లలో ఈ వీధివాళ్లకు ప్రాధాన్యం ఇస్తూ కౌన్సిల్ తీర్మానం. కమిషనర్ నోటిమాట బదిలీతో పోతుంది. తీర్మానానికి నంబరు ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది. పాతబస్తీ అంగళ్లు వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. పన్నెండు అడుగుల లోతులో ఏడు పోతే మిగిలిన ఐదడుగుల్లో దూది ఏకే మిషను పట్టదు. కాగితం మీద మాత్రం ‘అంగడి పాక్షికంగా మిగిలింది’ అని రాస్తారు. మిగిలే జాగాలో మీ పని సాగుతుందా లేదా అన్నది కొలతలతో సహా అర్జీలో రాయండి.

ఇక మూడేళ్ల రుజువు. కరెంటు మీటరు ఓనరు పేరున, ట్రేడ్ లైసెన్సు చనిపోయిన తండ్రి పేరున, బాడుగ చేతికి నగదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లైసెన్సు ఈ నెలలోనే మీ పేరుకు మార్చుకోండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి డబ్బడిగే ఏజెంటును నమ్మొద్దు. బాడుగ ఇక నుంచి ఫోన్‌పే లాంటి వాటితో కట్టండి, రసీదు ఇవ్వనన్న ఓనరు కూడా డబ్బు వద్దనడు. పాత రుజువులకు సరుకు కొన్న బిల్లులు, అంగడి చిరునామాతో ఉన్న బ్యాంకు కాగితాలు, పెండ్లి పత్రికలో అంగడి పేరు వేసి ఉంటే అది కూడా పెట్టండి. 2009 అక్టోబరు వరదలో కాగితాలు పోయినవాళ్లు రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ నకళ్లు, మున్సిపల్ పన్ను రిజిస్టరు నకలు తీసుకోవచ్చు.

ప్రశ్న: వంక గట్టున మావి మూడొందల ఇండ్లు. ఎప్పుడో జరిగిన సర్వేలో తాళం ఉన్న ఇండ్లన్నీ వదిలేసినారు, ఇప్పటికీ వాళ్లకు ఏదీ రాలేదు. మళ్లీ సర్వే అంటున్నారు. ఈసారి మా లెక్క మేమే రాసుకోవాలని మా సమాఖ్య ఆడవాళ్లం అనుకున్నాం. ఎట్లా రాయాల? (కడప)

మంచి ఆలోచన, సరైన సమయం. మీటింగులో మైకు దొరికిందని సంబరపడేవాళ్లు చాలామంది, జాబితాలో పేరు ఉందో లేదో చూసుకునేవాళ్లు తక్కువ. ఇల్లు వస్తుందా రాదా అన్నది జాబితా రాసిన రోజే సగం తేలిపోతుంది.

ముందు పటం. ఆరుగురు నడిచి చార్టు కాగితం మీద వీధులు, కుళాయిలు, స్తంభాలు, గుడి, మసీదు, చర్చి, వంక గీయండి. తలుపులకు వరస నంబర్లు వేయండి, మున్సిపల్ డోర్ నంబరు ఉన్నా సరే. చాలా ఇండ్లకు అది ఉండదు, ఉన్నా ఒకే నంబరు నాలుగిండ్లకు ఉంటుంది.

తరువాత, తలుపులు కాదు, పొయ్యిలు లెక్కపెట్టండి. ఒకే తలుపు లోపల అత్తది ఒక పొయ్యి, పెద్ద కొడుకుది ఒకటి, భర్త వదిలేసి పుట్టింటికొచ్చిన కూతురిది ఒకటి ఉండొచ్చు. సర్వే మనిషి ‘ఒక ఇల్లు’ అని రాసుకుని పోతే రెండు కుటుంబాలు మాయం. తలుపు నంబరు 41 అయితే పొయ్యిలు 41–1, 41–2, 41–3. విడి రేషన్ కార్డు ఉంటే దాని సంగతి పక్కన రాయండి. లేకపోతే కారణం రాయండి.

ఒక్కో పొయ్యికి రాయాల్సినవి: భార్యాభర్తలిద్దరి పేర్లు, ఎన్నేళ్లుగా ఉన్నారు, సొంతమా బాడుగా, బాడుగైతే ఎంత, ఇంట్లో చేసే పని ఏమిటి, దానికి ఎన్ని అడుగుల జాగా పడుతుంది, తోపుడుబండి గానీ మేకలు గానీ ఉన్నాయా, మెట్లెక్కలేనివాళ్లు ఎవరైనా ఉన్నారా, పిల్లలు ఏ మీడియం బడి, ఇంట్లో మాట్లాడే భాష, చూసిన కాగితం ఏమిటి, చివర సంతకం లేదా వేలిముద్ర. కుట్టుమిషను, పిండిగిర్ని, చిల్లర అంగడి ఇంట్లోనే ఉన్నవాళ్లను ‘గృహిణి’ అని రాస్తే జీవనోపాధి సాయం పోయినట్టే. ఆ మాట అసలు వాడొద్దు.

ఆధార్ జిరాక్సులు పోగు చేయకండి. చివరి నాలుగంకెలు చాలు. మూడొందల కుటుంబాల జిరాక్సులు ఎవరింట్లోనో బీరువాలో ఉండటం మంచిది కాదు, పైగా ‘లోన్ల కోసం తీసుకుంటున్నారు’ అన్న పుకారు పుడితే సగం తలుపులు మూసుకుంటాయి. కులం, మతం వేరే కాగితంలో రాసుకుని, బయటికి మొత్తం లెక్కగా మాత్రమే ఇవ్వండి. ఇన్ని ముస్లిం కుటుంబాలు, ఇన్ని ఎరుకల కుటుంబాలు అని. పేరు పక్కన మతం ఉన్న జాబితా ఊళ్లో తిరగడం ఎవరికీ మేలు చేయదు.

ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలు చాలు. జతలో ఒకరికైనా ఉర్దూ రావాలి. ఎరుకల, సుగాలి ఇండ్లున్న వరసకు వాళ్లలోంచే ఒకరు ఉండాలి. ఒక పొయ్యికి పది నిమిషాలు పడుతుంది. సాయంత్రం ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా తిరిగితే జతకు పన్నెండు, మొత్తం మీద రోజుకు డెబ్బైకి పైన. ఐదు సాయంత్రాల్లో ఒక చుట్టు ముగుస్తుంది. పగలు వెళితే కూలికి పోయినవాళ్లు దొరకరు.

ఇప్పుడు ఆ తాళాలు. కడప జిల్లాలో కువైట్‌కు పోయినవాళ్లు లేని బస్తీ ఉండదు, కర్నూలు, అనంతపురం వైపు నుంచి బెంగళూరు పనులకు పోయేవాళ్లు ఇంకా ఎక్కువ. తాళం ఉన్న ఇంటిని ‘ఖాళీ’ అని రాయకండి, ‘తాళం, మనుషులున్నారు’ అని రాయండి. ఎక్కడికి పోయారు, ఎప్పుడొస్తారు, ఫోను నంబరు, పక్కింటి ఇద్దరి సాక్షి సంతకం తీసుకోండి. రెండోసారి ఆదివారం వెళ్లండి. కువైట్‌లో ఉన్నవాళ్లు ఇక్కడ తమ తరఫున ఎవరు మాట్లాడతారో వాట్సాప్‌లో రాసి పంపినా, దాన్ని ప్రింటు తీసి ఫారానికి కుట్టండి. సర్వేయరు ఒప్పుకుంటాడా అంటే, ఏ కాగితమూ లేనప్పటికంటే ఒప్పుకోవడం తేలిక.

ముగిశాక జాబితా తెలుగులో, ఉర్దూలో మూడు చోట్ల గోడకు అంటించి ఏడు రోజులు ఉంచండి. చదువురానివాళ్ల కోసం ఒక సాయంత్రం బయటికి చదవండి. తగాదా వచ్చేది ఇక్కడే: మీ మరిది పేరు రెండుసార్లు ఉందనీ, ఫలానావాళ్లు పోయిన నెలే వచ్చారనీ. తగాదా రావడం మంచిదే, సర్వేయరు ముందు రాకుండా ఇక్కడే తెగుతుంది. దొంగ పేర్లు పది ఉన్నా జాబితా మొత్తాన్ని పక్కన పడేయడానికి సాకు దొరుకుతుంది.

ఒక కాపీ కమిషనరు ఆఫీసులో ఇచ్చి మీ కాపీ మీద ముట్టినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి. ఒకటి కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల్లో ఇచ్చి నంబరు తీసుకోండి. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సమాఖ్యకు ఒక్కోటి. అధికారిక సర్వే వచ్చిన రోజు మీ జతలు వాళ్లతో పాటే నడవాలి. ఆ రోజు మీ పనల్లా ఒక్కటే, వాళ్ల ఫారంలో లేని పొయ్యి నంబర్లు గుర్తు పెట్టుకోవడం.

ఒక హెచ్చరిక. 2024 నవంబరులో సుప్రీంకోర్టు కూల్చివేతలకు ముందు 15 రోజుల నోటీసు ఉండాలంది గానీ, రోడ్డు, ఫుట్‌పాత్, నది, జలవనరుల మీద కట్టడాలను ఆ తీర్పు నుంచి మినహాయించింది. వంక పోరంబోకులో ఉన్నవాళ్లు ఆ తీర్పును నమ్ముకుని నిశ్చింతగా కూర్చోకూడదు. వరద భయం కూడా నిజమే. 2020లో బుగ్గవంక, 2022లో అనంతపురం నడిమివంక ఇండ్లను ముంచాయి. ‘కదలం’ అనే పట్టు కంటే ‘ఎక్కడికి, ఎప్పుడు, ఎవరెవరు’ అన్న మూడు మాటల మీద పట్టు నిలుస్తుంది.

ప్రశ్న: మా బస్తీ కమిటీలో పదకొండు మంది. మసీదు పెద్ద, ఇద్దరు కాంట్రాక్టర్లు, మిగిలినవాళ్లు వాళ్ల మనుషులు. సుగాలీలు, నక్కలవాళ్లు నలభై ఇండ్ల దాకా ఉన్నా ఒక్కరూ లేరు. ఆడవాళ్లు ఇద్దరున్నా నోరెత్తరు. అధికారులు మాత్రం ‘కమిటీ ఒప్పుకుంది’ అని రాసుకుంటున్నారు. ఎట్లా మార్చాల? (అనంతపురం)

పెద్దమనుషుల్ని పక్కకు తోసేస్తే వాళ్లే వేరు కమిటీ పెడతారు, ఆఫీసుకు రెండు కమిటీలు దొరికితే తమకు నచ్చిన దాన్ని పిలుస్తుంది. ఉన్నదాన్ని పెంచడమే మేలు. పదకొండును పందొమ్మిది చేయండి, కొత్త ఎనిమిది సీట్లూ వీధుల వారీగా, ఇప్పటిదాకా లేనివాళ్లకే.

చిన్న వర్గానికి ఒక సీటు ఇస్తే అది అలంకారం. ఒక్కరు పందొమ్మిది మంది ముందు మాట్లాడలేరు, రెండో మీటింగుకు రారు. ఇద్దరుంటే ఒకరినొకరు చూసుకుని నోరు విప్పుతారు. సుగాలీలకు రెండు, నక్కలవాళ్లకు రెండు పెట్టండి. సగం ఆడవాళ్లు ఉండాలి, బాడుగదారులు మూడింట ఒక వంతుకు తగ్గకూడదు. ఓనర్లకూ బాడుగదారులకూ లాభం ఒకే చోట ఉండదు. ఒకే మతంవాళ్లైనా సరే, ముస్లిం ఓనరు ముస్లిం బాడుగదారు తరఫున మాట్లాడతాడనుకోవడం పొరపాటు.

మసీదు పెద్ద సంగతి. ఆయన ముతవల్లీ (మసీదు ఆస్తిని చూసుకునేవారు) అయినా, ముతవల్లీకి అధికారం వక్ఫ్ ఆస్తి నిర్వహణ మీద. బస్తీలోని ఇండ్ల గురించి, బాడుగదారుల గురించి సంతకం పెట్టే అధికారం ఆ పదవితో రాదు. ఆయన మాటకు గౌరవం ఇవ్వండి, కమిటీలో ఉంచండి, తీర్మానం కింద ఆయన ఒక్కరి సంతకం చెల్లదని నియమావళిలో రాయండి. పాస్టరుకైనా గుడి ధర్మకర్తకైనా అదే మాట.

నియమావళిలో తప్పక ఉండాల్సినవి కొన్నే. చిన్న వర్గం సభ్యులు ఒక్కరూ లేని మీటింగులో తొలగింపు, తరలింపు మీద నిర్ణయం జరగదు. ఆఫీసుకు ఇచ్చే ఏ కాగితమైనా ముందు మూడు రోజులు గోడ మీద ఉండాలి. బ్యాంకు ఖాతాకు ముగ్గురు సంతకదారులు, ఏ ఇద్దరైనా చాలు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ. ఏడుగురుంటే 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. అది తప్పనిసరి కాదు గానీ, ఖాతా తెరవడానికి పనికొస్తుంది.

మీటింగు మసీదులో పెడితే కొందరు రారు, రామాలయంలో పెడితే ఇంకొందరు రారు. బడి గానీ అంగన్‌వాడీ గానీ చూడండి. శుక్రవారం మధ్యాహ్నం, ఆదివారం ఉదయం, రంజాన్ నెలలో సాయంత్రాలు వదిలేయండి. ఆడవాళ్లు మాట్లాడని చోట ముందు రోజు వాళ్లకు విడిగా గంట మీటింగు పెట్టి, అక్కడ తేల్చిన మూడు అంశాలను పెద్ద మీటింగులో మొదటగా చదివించండి. చివర్లో ‘ఆడవాళ్లు ఏమన్నా చెప్తారా’ అని అడిగితే అప్పటికి కుర్చీలు సర్దుతుంటారు. మినిట్స్ తెలుగులో రాసి ఉర్దూ నకలు పెట్టండి. సుగాలీ పెద్దవాళ్లకు వాళ్ల భాషలో రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపితే కాగితం కంటే ఎక్కువ దూరం పోతుంది. 2022 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష, కాబట్టి అధికారిక నోటీసు ఉర్దూలో కూడా ఇవ్వమని అడగడం మొహమాటపడాల్సిన పని కాదు.

‘కమిటీ ఒప్పుకుంది’ అన్న కాగితం ఇప్పటికే పోయి ఉంటే, మీటింగుకు పిలవని కుటుంబాల సంతకాలతో ‘మమ్మల్ని సంప్రదించలేదు’ అని ఒక్క పేజీ అర్జీ అదే ఫైలుకు చేర్పించండి. కమిటీని తిట్టకండి. తేదీ, ఇండ్ల సంఖ్య, అడిగేదేమిటి, అంతే రాయండి.

ప్రశ్న: ఊరికి దూరంగా కట్టిన టిడ్కో (పట్టణ పేదలకు ఇండ్లు కట్టే ప్రభుత్వ సంస్థ) ఫ్లాట్లకు పొమ్మంటున్నారు. కొందరు సరే అంటున్నారు, కొందరు వద్దంటున్నారు. సంతకం పెట్టే ముందు ఏమేం చూడాల? (కర్నూలు)

ముందు ఇంటి కొలత. ఫ్లాట్లు 300, 365, 430 చదరపు అడుగుల రకాలు. భూసేకరణ చట్టం కింద కదిలిస్తే పట్టణంలో ఇచ్చే ఇంటి ప్లింత్ ఏరియా (గోడలతో కలిపి కట్టిన జాగా) 50 చదరపు మీటర్లకు, అంటే దాదాపు 538 అడుగులకు తగ్గకూడదు. ఇల్లు వద్దనుకున్న కుటుంబానికి లక్షన్నరకు తగ్గని సాయం ఉంది. ‘హౌసింగ్ స్కీము కింద ఇస్తున్నాం’ అంటే ఆ కొలత వర్తించదని చెప్తారు. అందుకే ఏ చట్టం, ఏ పథకం కింద కదిలిస్తున్నారో కాగితం మీద రాయించుకోవాలి. లబ్ధిదారు వాటా, బ్యాంకు లోను ఉన్న రకమా అన్నది కూడా. కూలి ఆగిన నెలలో కిస్తీ ఎవరు కడతారు?

తరువాత పని. ఊరి బయట టిడ్కో ఫ్లాట్లున్న జగన్నాథగట్టు మీద ఉంటే పాతబస్తీలో తెల్లారి ఐదింటికి టీ బండి పెట్టేవాడు ఎట్లా రావాలి? మొదటి బస్సు ఎన్నింటికి, చివరిది ఎన్నింటికి, పోనూ రానూ చార్జీ ఎంత, నెలకు ఎంత అవుతుంది? ఈ లెక్క ఒక్కో కుటుంబం వేసుకోవాలి. చాలాచోట్ల తాళం చెవి తీసుకున్నవాళ్లు మూడు నెలల్లో ఫ్లాటుకు తాళం వేసి పాత బస్తీ దగ్గర బాడుగకు తిరిగొస్తారు. అప్పుడు ‘ఇల్లు వద్దన్నారు’ అని రికార్డుల్లో పడుతుంది.

మెట్లెక్కలేనివాళ్లకు, గర్భిణులకు కింది అంతస్తు లాటరీకి ముందే పక్కన పెట్టించండి, లాటరీ అయ్యాక మార్పిడికి ఎవరూ ఒప్పుకోరు. పక్కపక్క ఇండ్లవాళ్లు ఒకే బ్లాకులో ఉండేలా గుంపు లాటరీ అడగండి. ఐదారు కుటుంబాలుగా ఉన్న చిన్న వర్గాలను ఒక్కొక్కరిని ఒక్కో బ్లాకులో వేస్తే పెండ్లికీ చావుకూ తోడు ఉండదు. ఉర్దూ మీడియం పిల్లలకు బడి, రేషన్ షాపు మార్పు, దగ్గరలో శ్మశానం, కబరస్తాన్, తోపుడుబండ్లు పెట్టే షెడ్డు. వీటికి తేదీలు అడగండి. మేకలు, పందులు, గాడిదలు మేపేవాళ్ల సంగతి ఏ ప్లానులోనూ ఉండదు. వాళ్లకు మూడో అంతస్తు ఫ్లాటు ఇవ్వడమంటే పని మానుకోమని చెప్పడమే.

ప్రశ్న: మా పేట అభివృద్ధి ప్లానులో పీర్ల చావిడి ముందున్న ఖాళీ జాగాను ‘పార్కింగ్’ అని చూపించినారు. మొహర్రంలో అక్కడ నిప్పుల గుండం తవ్వుతాం. హిందువులూ వస్తారు. ఏం చేయాల? (అనంతపురం)

ప్లాను గీసేవాళ్లు ఒక మామూలు రోజు చూసి గీస్తారు. ఏడాదిలో పది రోజులు వాడే జాగా వాళ్ల కంటికి ఖాళీనే. హిందువులూ ముస్లింలూ కలిసి పీర్ల పండుగ చేసే గూగూడు కుళ్లాయస్వామి ఉన్న జిల్లాలో దీన్ని విడమర్చి చెప్పాల్సిన అవసరం ఉండకూడదు, అయినా చెప్పాలి. గుండం కొలతలు, జనం నిలబడే వెడల్పు, పీర్లు వచ్చే దారి, వాడే రోజులు ఒక పటంలో గీసి, ముసాయిదా మీద అభ్యంతరాల గడువులోపు ఇవ్వండి. కింద హిందూ, ముస్లిం కుటుంబాలు రెండూ సంతకం చేయండి. పార్కింగ్‌ను పూర్తిగా వద్దనకుండా, కాంక్రీటు పోయకుండా మట్టి నేలగా వదలమని, మొహర్రం రోజుల్లో ఖాళీ చేయమని అడిగితే ఒప్పుకునే వీలు ఎక్కువ. చావిడి స్థలం వక్ఫ్ ఆస్తిగా నమోదై ఉంటే నకలు తీసుకుని జత చేయండి. వక్ఫ్ భూమిని సేకరించాలన్నా వక్ఫ్ చట్టం 91వ సెక్షన్ ప్రకారం బోర్డుకు నోటీసు వెళ్లాలి.

ప్రశ్న: ఇట్లా బస్తీవాళ్లే లెక్కలు రాసుకుని, కమిటీల్లో కూర్చుని గెలిచిన చోట్లు ఏమైనా ఉన్నాయా? లేక ఇది చెప్పడానికేనా? (కడప)

ఉన్నాయి, పూర్తి విజయాలు కావు. 1985లో ముంబై ఫుట్‌పాత్ నివాసుల కేసులో సుప్రీంకోర్టు జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమంది, అయినా తొలగింపును ఆపలేదు. అదే ఏడాది అక్కడి ఫుట్‌పాత్ కుటుంబాలను లెక్కించే పని జరిగింది, ఆ పేర్లు తరువాత పునరావాస చర్చలకు ఆధారమయ్యాయి. ఒడిశా 2017 చట్టంతో బస్తీవాళ్ల సంఘాలను సర్వేలో కూర్చోబెట్టి, భార్యాభర్తల ఉమ్మడి పేరున స్థల హక్కు పత్రాలిచ్చింది. ఇంగ్లండులో 1998లో మొదలైన పథకంలో 39 పేద పేటలను ఎంచుకుని ఒక్కోదానికి దాదాపు ఐదు కోట్ల పౌండ్లు, పదేళ్ల గడువు ఇచ్చారు. బోర్డుల్లో స్థానికులు కూర్చున్నారు, కొన్నిచోట్ల ఎన్నికలు పెట్టారు. పదేళ్ల గడువు అన్నదాన్ని గమనించండి. మన దగ్గర ‘ప్రజాభిప్రాయ సేకరణ’ ఒక మధ్యాహ్నం.

ప్రశ్న: దూదేకులవాళ్లం. ఇంటి దరఖాస్తులో బీసీ–ఇ అని రాస్తున్నారు. పరవాలేదా? (కర్నూలు)

పరవాలేదు అనుకోకండి. దూదేకుల, నూర్‌బాష బీసీ–బి కిందికి వస్తారు. బీసీ–ఇ వేరే ముస్లిం వర్గాలకు. దరఖాస్తులో ఒకటి, సర్టిఫికెట్‌లో ఒకటి ఉంటే పరిశీలనలో పక్కన పెడతారు. సచివాలయంలో ఇప్పుడే దిద్దించండి.

ప్రశ్న: సర్కిల్ దగ్గర పండ్ల బండి. సుందరీకరణ అని రోజూ తోలేస్తున్నారు, ఒకసారి బండి ఎత్తుకుపోయినారు. (అనంతపురం)

2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్న వ్యాపారిని తొలగించకూడదు. ఆ తర్వాత కదిలించాలన్నా 30 రోజుల నోటీసు. టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఎన్నికై ఉండాలి, అందులో మూడో వంతు ఆడవాళ్లు, మైనారిటీలకూ తగిన చోటు. మీ ఊరి కమిటీలో ఆ సభ్యులు ఎవరో కమిషనరు ఆఫీసులో పేర్లు అడిగి, వాళ్లను కలవండి. బండి ఎత్తుకుపోతే అక్కడికక్కడే సరుకు జాబితా రాయించి సంతకంతో కాపీ తీసుకోండి. జరిమానా కడితే పండ్లు, పూలు లాంటివి అదే రోజు, మిగిలినవి రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. జాబితా కాపీ లేకపోతే మీ బండిలో పది కిలోలు ఉన్నాయా నలభై ఉన్నాయా అన్నది మీ మాటా వాళ్ల మాటా అవుతుంది, కాబట్టి లారీ కదలకముందే ఫోనులో ఫోటో తీయండి.